మార్తా విన్నప్పుడు

బుధవారాల్లో మార్తా కొస్కి అందరికంటే ముందే వచ్చి శిక్షణ క్లినిక్ తలుపు తీసేది. బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న మెత్తటి చెప్పులు తొడుక్కుని, హీటర్ వేసి, రెండో గదిలోకి వెళ్లి కుర్చీలు సర్దేది. అవి మరీ ఎదురెదురుగా ఉండకూడదు, కాస్త ఏటవాలుగా ఉండాలి. మాట్లాడే మనిషికి కిటికీ కనిపించాలి, వినే మనిషికి గడియారం కనిపించాలి. కాగితపు రుమాళ్ల డబ్బా చేతికందేలా ఉండాలి గానీ, ఏడవమని ముందే ఒళ్లో పెట్టినట్టు ఉండకూడదు. కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో ఇవన్నీ మొదటి ఏడాదే నేర్పుతారు. గోడకి ఒక పెద్ద అద్దం. ఇటునుంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది, అవతలి చీకటి గదిలో కూర్చున్నవాళ్లకి మనమంతా కనిపిస్తాం. పైన మూలలో కెమెరా.

మార్తాకి ముప్పై ఎనిమిదేళ్లు. ఈ చదువుకి రాకముందు, సరస్సు ఒడ్డునున్న ఈ డులూత్ ఊరి కొండ వీధుల్లో స్కూలు బస్సు నడిపింది. ముందు సీట్లో కూర్చున్న పిల్లలు ఇంట్లో చెప్పుకోలేని సంగతులన్నీ ఆమె వీపుకి చెప్పుకునేవాళ్లు. అలా వినీ వినీ, ఈ పనే సరిగ్గా చదువుకుని చేస్తే బాగుండుననిపించింది.

ఆమెకున్న చిక్కల్లా ఒకటే. మనసు పెట్టి వింటే ఆమె కనిపించకుండా పోయేది.

బస్సు నడిపే రోజుల్లో సగం ధ్యాస రోడ్డు మీద ఉండేది కాబట్టి మోచేతుల దాకానే మాయమయ్యేది. చేతుల్లేకుండా తిరుగుతున్న స్టీరింగ్‌ని గుర్తుపట్టి ఎదురొచ్చే లారీవాళ్లు హారన్ కొట్టి పలకరించేవాళ్లు. ఇంట్లో భర్త రిక్, సాయంత్రం తన వర్క్‌షాపు కబుర్లు చెబుతూ మధ్యలో "ఉన్నావా, వెళ్లిపోయావా?" అని అడిగి, జవాబు రాకపోతే తృప్తిగా మిగతాది చెప్పుకుపోయేవాడు. మాయమయ్యాక ఆమెకి గొంతు కూడా ఉండేది కాదు. చెప్పేవాళ్లు చెప్పడం ముగిస్తే, పొగమంచు విడిపోయినట్టు, తనంతట తనే మళ్లీ కనిపించేది. కావాలని తిరిగి రావడం మాత్రం ఆమెకి చేతకాదు. చిన్నప్పుడు తండ్రి తాగి వచ్చినప్పుడల్లా పొయ్యి పక్కన సందులో ముడుచుకుని, ఆయన అడుగులు ఎటు వెళుతున్నాయో వింటూ కూర్చునేది. అప్పుడు అలవాటైన సంగతి ఇది. ఆ ఇంట్లో కనిపించడమంటే దొరికిపోవడమే.

క్లినిక్‌లో ఇది పెద్ద సమస్యై కూర్చుంది. ఆమెకి పాఠం చెప్పే సూపర్‌వైజర్ ప్రొఫెసర్ లోయిస్ ట్రెంబ్లే, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, అద్దం వెనక కూర్చుని అల్లిక అల్లుకుంటూ విద్యార్థుల పని చూసేది. ఫిబ్రవరిలో ఒకరోజు ఇద్దరూ కలిసి మార్తా రికార్డింగ్ చూశారు. తెర మీద ఒకావిడ తన కొడుకు గురించి చెబుతోంది. ఎదుట మార్తా వేళ్లు పలచబడ్డాయి, తరువాత స్వెటర్, తరువాత మెడ. కాసేపటికి కుర్చీ వెనక ఉన్న గళ్ల గుడ్డ స్పష్టంగా కనిపించింది.

"ఇక్కడ నువ్వేం చేస్తున్నావు?" లోయిస్ రికార్డింగ్ ఆపి అడిగింది.

"వింటున్నాను."

"బాగానే వింటున్నావు. ఆవిడ నా ఎదుట ఇంత మాట్లాడదు. కానీ నేను దేనికి మార్కులు వెయ్యను? కుర్చీకా?"

విషయం శిక్షణ విభాగం అధిపతి డాక్టర్ విట్‌కం దాకా వెళ్లింది. ఆయన చెడ్డవాడేం కాదు. మార్తాని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నెమ్మదిగానే చెప్పాడు.

"మీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు మార్తా. నాకున్న భయం వేరు. మన దగ్గరికొచ్చేవాళ్లలో ఏదో ఒక రోజు ఒకరు ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితిలో వస్తారు. ఆ రోజు మీరు లేచి పట్టుకోవాలి. గొంతైనా లేని మనిషి ఎలా పట్టుకుంటుంది?"

మార్తా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. అది నిజమని ఆమెకీ తెలుసు.

"సెమిస్టర్ ఆఖరి రికార్డింగ్‌లో మొదటినుంచి చివరిదాకా మీరు కనిపించాలి. లేకపోతే కోర్సు వదులుకోవాల్సి వస్తుంది. నన్ను అర్థం చేసుకోండి," అన్నాడాయన.

అప్పటినుంచి మార్తా చెయ్యని ప్రయత్నం లేదు. బూటులో గులకరాయి వేసుకుంది. ఘాటైన దాల్చినచెక్క బిళ్లలు చప్పరించింది. రిక్ చేత గంటలు గంటలు మాట్లాడించుకుని అద్దం ముందు కూర్చుంది. చివరికి ఒక్కటే పనికొస్తుందని తేలింది. సగమే వినడం. ఎదుటివాళ్లు చెబుతుంటే మనసులో రాత్రి వంటకి ఏమున్నాయో, ఏం కొనాలో అనుకుంటూ కూర్చుంటే, ఆమె చివరిదాకా చెక్కుచెదరకుండా కనిపించేది. అలా చేసిన ఒక రికార్డింగ్‌కి విట్‌కం మెచ్చుకుంటూ సందేశం కూడా పంపాడు. ఆరోజు ఇంటికెళ్లి మార్తా అన్నం ముట్టలేదు.

"సగం వింటే కనిపిస్తున్నాను లోయిస్," అంది మరునాడు.

"తెలుసు. సగం వినేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల గోడలకి లైసెన్సులు కూడా వేలాడుతున్నాయి."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

లోయిస్ సూదులు ఒళ్లో పెట్టుకుంది. "నాకు తెలిస్తే నీ దగ్గర దాచుకుంటానా?"

ఆఖరి రికార్డింగ్ మార్చి నెలాఖరున పడింది. అరువు తెచ్చుకున్నట్టున్న పలచటి ఎండ. సరస్సు మీద మంచుగడ్డ ఒడ్డు వెంబడి నల్లబడటం మొదలైంది. ఓడలు రావడానికి మంచు పగలగొట్టే నౌక అప్పటికే రేవు నుంచి లోపలిదాకా దారి తెరిచింది. అద్దం వెనక ఆరోజు లోయిస్‌తో పాటు విట్‌కం కూడా కూర్చున్నాడు.

వచ్చిన మనిషి ఎల్మర్ హౌగెన్. ఇనుప ఖనిజం ఓడలకెక్కించే రేవులో జీవితమంతా పనిచేసి రిటైరైనవాడు. కిందటి ఆకురాలు కాలంలో భార్య హెల్మి పోయింది. నిద్ర పట్టడం లేదంటే డాక్టరు ఇక్కడికి పంపాడు. వచ్చినప్పుడల్లా మర్యాదగా కూర్చుని వాతావరణం గురించీ, ఇంటి ముందు మంచు ఎత్తిపోసే మిషను గురించీ చెప్పి, చాలా థాంక్సని వెళ్లిపోయేవాడు. మార్తా మాయమయ్యేంత మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. అందుకే ఈ రికార్డింగ్‌కి ఆయన్ని ఎంచుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకే సిగ్గుగా ఉంది.

ఆ రోజు ఎల్మర్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. కాగితంలో చుట్టిన పొగబెట్టిన చేప బల్ల మీద పెట్టాడు.

"నీకే అమ్మాయ్. నేనే పట్టాను, నేనే పొగబెట్టాను. మీ ఆయనకి కూడా పెట్టు."

"థాంక్స్ ఎల్మర్ గారూ. ఇవాళ తేలిగ్గా కనిపిస్తున్నారు."

"రాత్రి బాగా నిద్రపట్టింది. చాన్నాళ్లకి." ఆయన కిటికీ వైపు చూసి నవ్వాడు. "కుక్కని పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. వాళ్ల దొడ్డి పెద్దది. దానికీ హాయి."

మార్తా మనసులో ఉల్లిపాయలు, పాలు, బ్రెడ్డు అనుకుంటోంది. కుక్క అనే మాట దగ్గర ఆ వరస తెగిపోయింది.

"ఇక్కణ్ణించి ఎటు వెళతారు?" అని అడిగింది.

"చేపలకి. గడ్డకి కన్నం పెట్టే సామాను బండిలోనే ఉంది."

"సరస్సు మీదికా? గడ్డ కరుగుతోంది కదా."

"కొంత దూరం మోస్తుందిలే."

ఆ మాట ఆయన మరీ మామూలుగా అన్నాడు. ఇలాంటప్పుడు నాన్చకూడదు, సూటిగా అడగాలి అని నేర్పారు. అడిగింది.

"ఎల్మర్ గారూ, మీరు చచ్చిపోవాలనుకుంటున్నారా?"

ఎల్మర్ ఆమె మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం ఏదో చెప్పబోయినట్టే ఉంది. అంతలోనే ఆయన కళ్లు మెత్తబడ్డాయి, పెదవుల మీదికి పాత మర్యాద వచ్చేసింది.

"లేదమ్మాయ్. చూడు, నీ మొహం ఎలా పాలిపోయిందో. అదేం లేదు, కంగారుపడకు." కాగితపు రుమాళ్ల డబ్బా తీసి ఆమె వైపు జరిపాడు. "నీళ్లు తాగుతావా?"

ఆయన తనని ఓదారుస్తున్నాడు. ఇన్ని వారాలుగా ఈయన వాతావరణం ఎందుకు మాట్లాడుతున్నాడో అప్పటికి ఆమెకి అర్థమైంది. ఈయన నోటిదాకా వచ్చిన మాటని ఎదుటి మొహం ఆపేస్తోంది. ఇప్పుడు ఆ మొహం తనది.

మార్తా అద్దం వైపు ఒకసారి చూసింది. అందులో కనిపించింది తన మొహమే, భయపడి ఉంది. కెమెరా ఎర్రదీపం వెలుగుతోంది. సెమిస్టరు, చదువు, ఇంతకాలం పడ్డ పాట్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకి వచ్చాయి. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. ఉల్లిపాయల్నీ పాలనీ వదిలేసింది. ఎల్మర్ ఊపిరి తీసుకోవడం, ఆయన బూటు నేల మీద ఆనించిన తీరు, చెప్పకుండా మింగిన మాట, అన్నిటినీ వినడం మొదలుపెట్టింది.

వేళ్లు పోయాయి. స్వెటర్ పోయింది. చివరిగా మొహం పోయింది.

ఎల్మర్ ఖాళీ కుర్చీని చూశాడు. ఆశ్చర్యపడలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. 

"హెల్మికి జబ్బని తెలిసిన రోజునుంచీ," అన్నాడు, "మొహాలు చూసీ చూసీ అలిసిపోయాను. నర్సు ఎదుట నోరు తెరిస్తే ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. చర్చివాళ్లు వండిన గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడ్చేవాళ్లు. నేను వాళ్ల భుజం తట్టి, గిన్నె అందుకుని, జాగ్రత్తగా దిగండి, మెట్లు జారుతున్నాయి అని పంపేవాణ్ణి. మా చెల్లెలు ఐరీన్ ఫోన్లో నా గొంతు కాస్త బరువెక్కితే చాలు, రెండు రోజులు అన్నం తినదు. అందుకని బాగున్నానని చెప్పడం నేర్చుకున్నాను. హెల్మికి కూడా అదే చెప్పాను. చివరిరోజు దాకా."

ఆయన టోపీ అంచుని వేళ్లతో తడుముతున్నాడు.

"నాకు భయం కూడా వెయ్యట్లేదు. అదే విచిత్రం. పొద్దున్న లేస్తాను, ఇంకో రోజు ఉంది అనుకుంటాను. కాఫీ తాగుతాను. రోజు ఇంకా ఉంది. ఇవాళ ఓడల దారి దగ్గరికి నడుస్తాను. గడ్డ నన్ను ఎక్కడిదాకా మోస్తే అక్కడిదాకా. అంతే. కాలు జారాడంటారు. ఐరీన్‌కి అదైతే తట్టుకునే సంగతే."

అంతా చెప్పి ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. "ఇదెవరికీ చెప్పలేదు," అన్నాడు కుర్చీతో. "చెప్పినందుకు బాగానే ఉంది." తరువాత టోపీ పెట్టుకుని లేచాడు.

మామూలుగా ఎదుటివాళ్లు మాట ముగిస్తే ఆమె తిరిగి వచ్చేది. ఈసారి రాలేదు. ఆయన మాట ముగిసినా అది ఆమెలో ఇంకా ముగియలేదు. మార్తా పిలవబోయింది. గొంతు లేదు. లేచి నిలబడింది, నిలబడ్డట్టు ఎవరికీ కనిపించలేదు. ఎల్మర్ కోటు వేసుకుంటున్నాడు. ఒక్కో గుండీ తాపీగా పెట్టుకుంటున్నాడు. అద్దం వెనక కుర్చీ గట్టిగా జరిగిన చప్పుడు వినిపించింది, ఆ వెంటే వరండాలో బూట్ల అడుగులు. విట్‌కం పరిగెత్తి వస్తున్నాడు. ఆయన వస్తాడు, తలుపు బయటే పట్టుకుంటాడు, పోలీసులని పిలుస్తాడు. ఎల్మర్ ఆయన మొహం చూస్తాడు. చూసి, మర్యాదగా నవ్వి, అబ్బే అదేం లేదంటాడు. ఇవాళ కాకపోతే రేపు వెళతాడు, ఈసారి ఎవరికీ చెప్పకుండా.

మార్తా ఆయనకంటే ముందు తలుపు దగ్గరికి చేరింది. తలుపుకి వీపు ఆనించింది. ఎలా రావాలో తెలియలేదు. పొయ్యి పక్క సందు గుర్తొచ్చింది. అక్కడ ఊపిరి బిగబట్టి, నన్ను చూడకూడదు, నన్ను చూడకూడదు అని మనసులో అనుకుంటూ కూర్చున్న పిల్ల ఇంకా తనలోనే కూర్చుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకి ఒకరికి దొరకాలనిపించింది. ఈ మనిషికి, ఇప్పుడే.

ఎల్మర్ తలుపు పిడి కోసం చెయ్యి చాపాడు. ఆ చేతికి ఉన్ని స్వెటర్ తగిలింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతికింద ముందు భుజం వచ్చింది, తరువాత మెడ, తరువాత మొహం.

"నేనిక్కడే ఉన్నాను," అంది మార్తా. గొంతు బొంగురుగా ఉంది.

ఎల్మర్ ఆ మొహాన్ని వెతికి వెతికి చూశాడు. పాలిపోతుందేమో, కళ్లు నిండుతాయేమో, గడ్డం వణుకుతుందేమోనని. ఏమీ జరగలేదు. ఆమె ఆయన వైపు చూస్తూ నిలబడి ఉంది, అంతే.

"అంతా విన్నావా?"

"అంతా విన్నాను. నన్ను ఓదార్చక్కర్లేదు ఎల్మర్ గారూ. నేను తట్టుకోగలను. కానీ మిమ్మల్ని సరస్సు మీదికి పంపను. ఒంటరిగా ఎక్కడికీ పంపను. బండి తాళాలు నాకివ్వండి."

 తలుపు అవతల విట్‌కం చెయ్యి పిడి మీద ఆగి ఉంది. ఆ పిడి కొద్దిగా తిరిగి, మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

ఎల్మర్ కోటు జేబులోంచి తాళాలు తీశాడు. అవి ఆమె చేతిలో పెడుతూనే భోరున ఏడ్చేశాడు. మార్తా ఆయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన ఏడుస్తున్నంతసేపూ పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది, మొహం తిప్పుకోకుండా, కనిపిస్తూ. కాసేపటికి లోయిస్ చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి, లోపలికి రాకుండానే, ఐరీన్ నంబరు అడిగి వెళ్లింది.

ఎల్మర్‌ని ఆస్పత్రిలో చేర్చారు. సాయంత్రానికి ఐరీన్ టూ హార్బర్స్ అనే ఊరి నుంచి కారులో వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. ఆస్పత్రి వరండాలో మార్తా ఆమెని పక్కకి తీసుకెళ్లి చెప్పింది. "ఆయన ఏం చెప్పినా ఆయన ముందు ఏడవకండి. తరువాత నా దగ్గర ఏడవండి, లోయిస్ దగ్గర ఏడవండి."

"అరవై ఏళ్లుగా అన్నని చూస్తున్నాను," అంది ఐరీన్. "అన్న ముందు ఏడవకూడదని ఎవరూ చెప్పలేదే." ముక్కు చీదుకుని, చేతిసంచి సర్దుకుని, అన్న గదిలోకి వెళ్లింది.

మార్తా సంగతి తేల్చడానికి శిక్షణ విభాగం కమిటీ ఏప్రిల్ మొదట్లో కూర్చుంది. రికార్డింగ్ వేశారు.  ఆపాక విట్‌కం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మొదటినుంచి చివరిదాకా కనిపించాలని చెప్పాను. మీరు కనిపించలేదు."

"లేదు," అంది మార్తా.

"నేను తలుపు తీసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తియ్యకపోవడం మంచిదైంది. కానీ మీరు తిరిగి రాకపోయి ఉంటే, అది కూడా ఆలోచించాలి కదా."

"ఆలోచించాను. రోజూ ఆలోచిస్తున్నాను."

ఆమెని కోర్సులోంచి తియ్యలేదు. పాసూ చెయ్యలేదు. ప్రాక్టికల్స్ మొత్తం ఆకురాలు కాలంలో మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు. ఆమెతో చేరినవాళ్లంతా మే నెలలో పట్టాలు తీసుకుని, నల్లగౌన్లలో ఫొటోలు దిగారు. మార్తా వేసవంతా మళ్లీ బస్సు నడిపింది. మధ్యాహ్నాలు లోయిస్ ఇంటి వెనక వరండాలో కూర్చుని మాయమై తిరిగి రావడం సాధన చేసింది. వెళ్లడం ఎప్పుడూ సులువే. రావడానికి ప్రతిసారీ ఆ సందులో కూర్చున్న పిల్లని చెయ్యి పట్టి బయటికి తేవలసి వచ్చేది. కొన్ని రోజులు పిల్ల వచ్చేది కాదు. లోయిస్ సూదులు ఆడిస్తూ, తొందరేం లేదనేది.

ఎల్మర్ కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నాడు. తరువాత ఐరీన్ ఇంట్లో. మందులు వేసుకున్నాడు, భార్యల్ని పోగొట్టుకున్నవాళ్లంతా కలిసే బృందానికి వెళ్లాడు. అక్కడి కాఫీ మహా పలచనని తిట్టుకుంటూనే వెళ్లేవాడని ఐరీన్ చెప్పింది. సెప్టెంబర్‌లో క్లినిక్ మళ్లీ తెరిచిన వారం ఫోన్ చేసి మార్తా పేరు అడిగాడు. లోయిస్ ఆస్పత్రి డాక్టరుతో మాట్లాడి సరేనంది.

ఆయన వచ్చి కూర్చునేసరికి మార్తా ఎప్పటిలాగే చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయన గొంతు సవరించుకోగానే వేళ్ల చివర్లు పలచబడసాగాయి. ఎల్మర్ అది చూసి చెయ్యెత్తి ఆపాడు.

"ఇవాళ వెళ్లకమ్మాయ్. మొహం చూస్తూ చెప్పాలి."

 పూర్తిగా వింటూ కనిపిస్తూ ఉండగలదో లేదో మార్తాకే తెలియదు. "చెప్పండి," అంది.

"మా ఐరీన్ ఆదివారం కేకు చేసింది. చక్కెర బదులు ఉప్పు వేసింది. తెలియక నోట్లో పెట్టుకున్నాను. ఐరీనూ పెట్టుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, బాగుందంటే బాగుందనుకుంటూ ముక్క మొత్తం తిన్నాం. నోట్లో మండిపోతోంది. చివరికి నేనే అన్నాను, ఐరీన్, ఇది చెత్తగా ఉంది అని." ఆయన ఆగాడు. పెదవులు వంకర్లు పోతున్నాయి. "హెల్మి పోయాక ఒక మనిషి మొహం మీద నిజం చెప్పడం అదే మొదటిసారి. అది ఏడ్చింది. బాగా ఏడ్చింది. నేను భుజం తట్టలేదు. కూర్చుని చూస్తూ ఉన్నాను. కాసేపటికి దానంతటదే ఆగి, లేచి వెళ్లి గుడ్లు వేయించుకొచ్చింది. ఇద్దరం తిన్నాం."

మార్తా వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి. ఉప్పు కేకునీ, గుడ్లనీ, ఎల్మర్ ఆగిన చోట ఆగిన ఊపిరినీ, ఒక్కటీ వదలకుండా విన్నది. కళ్లలోకి నీళ్లొచ్చాయి, బుగ్గ మీదికి జారాయి, ఆమె తుడుచుకోలేదు.

ఎల్మర్ ఆ మొహం మారడం చూశాడు. రుమాళ్ల డబ్బా జరపలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు చాపుకుని, తరువాతి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.